గొట్టములకు సాగెడి అతుకు

లోహములు వేడికి వ్యాకోచించునని మనము చదివియున్నాము. 30 మీటర్ల ఉక్కుగొట్టము 50 సెంటీగ్రేడు డిగ్రీలు వేడెక్కినచో సుమారు 18 మిల్లీమీటర్లు పెరుగును. రెండు కొనలును బిగించియున్నచో ఆ పెరుగుదల యెచటికి బోవును? గొట్టమే వంగును, లేదా పోత యినుప పంపు పగులును. పంపు అదురు సైతము గొట్టములకు చేటు గావించును. కావుననే పంపునకును గొట్టమునకును నడుమ రబ్బరు అతుకు నమర్చెదరు. అది యొదుగుచు, సాగుచు ఆ రెంటిని భరించును.

అయితే లోపలి నీటియొత్తిడి యీ యతుకునే నిడివిగా సాగదీయ జూచును. గొట్టములను దిమ్మెలకు బిగింపక, అతుకునకు కట్టుకమ్ములైనను వేయకున్నచో, అది చీలి దగ్గరనున్నవారికి ప్రాణాపాయము గల్గవచ్చును. వంకరగా నమర్చిన గొట్టములను కలుపుటకు దీనిని వాడరాదు. ముందు గొట్టములను సరిచేసిన పిమ్మటనే అతుకును బిగింపవలెను. పంపుగదిని జూడబోవు మన బాలురు ఆ కమ్ములను తప్పక పరికింతురు గాక.