గండము గడచిన మూత్రపిండములు

మానవుని వెన్నెముకకు ఇరుప్రక్కల, నడుమునకు కొంచెము పైగా రెండు మూత్రపిండములు కలవు. ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల నెఫ్రానులు, అనగా సూక్ష్మమైన వడపోత సాధనములు, ఉన్నవి. ఇవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడపోసి, అందులో చాలభాగమును తిరిగి రక్తమునకే చేర్చి, ఒకటిన్నర లీటరును మాత్రము మూత్రముగా వెలువరించును.

అతిసారముచే ఒంటిలోని నీరు తరిగిపోయినను, రక్తపింజరి కరచినను, కొన్ని మందులు వికటించినను ఈ పని కొద్ది దినములలోనే కుంటుపడవచ్చును. లండనుపై బాంబులు పడిన కాలమున, శిథిలముల క్రింద నలిగి బయటపడినవారు కొందరు మూత్రపిండములు చెడి మరణించుటను బైవాటర్సు, బీల్ అను వైద్యులు 1941లో వర్ణించిరి. నేడు డయాలిసిస్ సహాయముతో ఇట్టి రోగులు పలువురు ప్రాణములు దక్కించుకొని ఇల్లు చేరుచున్నారు.

అయితే గండము గడచుట వేరు, పూర్తిగా కోలుకొనుట వేరు. నెఫ్రానులలోని నాళికల గోడలయందు దెబ్బతిన్న కణములకు బదులు క్రొత్త కణములు పెరుగును. కాని పూర్తిగా నశించిన నెఫ్రాను స్థానమున మరియొకటి పుట్టదు. మిగిలినవి అదనపు భారమును మోయుచు, కొందరిలో కాలక్రమమున తామును క్షీణించును.

ఈ నష్టము రక్తపరీక్షలో కనబడకపోవచ్చును. కారణమేమి? కండరములనుండి నిత్యము పుట్టు క్రియాటినిన్ అను పదార్థమును మూత్రపిండములు వెలుపలికి పంపును. నీరు ఒకవైపు పడుచు, అడుగు రంధ్రము గుండా పోవుచుండు తొట్టిని ఊహింపుడు. రంధ్రము కొంత పూడినచో నీటిమట్టము పెరుగును. కాని పైనుండి పడు ధారయు సన్నగిల్లినచో మట్టము మునుపటివలెనే ఉండును. వారముల తరబడి మంచమున పడిన రోగికి కండ తరిగి, క్రియాటినిన్ తక్కువగా పుట్టును. కావున ఆ అంకె బాగున్నంత మాత్రమున వడపోత బాగున్నదని నమ్మరాదు.

అందుచేతనే, మూడు నెలలకు రోగిని మరల పరీక్షింపవలెనని 2012 నాటి అంతర్జాతీయ వైద్య సూత్రములు చెప్పుచున్నవి. జబ్బు తీవ్రముగా వచ్చినవారికి అంతకు ముందే పరీక్ష అవసరము. రక్తములో క్రియాటినిన్‌తోపాటు మూత్రములో ఆల్బుమిన్ అను మాంసకృత్తును కూడ చూడవలెను. జల్లెడ చెడినచో ఆల్బుమిన్ మూత్రములోనికి జారును. రక్తపు పోటును కొలిచి అదుపులో నుంచవలెను.

ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలను వైద్యుని అడుగక మ్రింగరాదు. ఆసుపత్రిలో ఆపిన రక్తపు పోటు మందులను ఎప్పుడు మరల ఆరంభింపవలెనో వైద్యుడే నిర్ణయించును. వాంతులు, విరేచనములు పట్టుకొన్నచో ఆలసింపక చికిత్స పొందవలెను.

ఆసుపత్రినుండి వచ్చునపుడు ఇచ్చిన కాగితమును భద్రపరచి, తరువాత చూచు ప్రతి వైద్యునికిని చూపుట మంచిది. మూత్రపిండము నొప్పి పుట్టించి తన బాధను తెలుపుకొనుట అరుదు. పరీక్షయే దానికి నోరు.