పైను నారుమళ్లకు మేలుచేయు వేరుబూజు

బూజు అనగానే పంటకు చేటని తలచుట రైతునకు సహజము. వరికి అగ్గితెగులు, మిరపకు కాయకుళ్లు తెచ్చునవి బూజుజాతులే గదా. కాని వేళ్లనంటి బ్రదుకుచు మొక్కకు మేలుచేయు బూజులును కలవు. బజారున నమ్ము వేరుబూజు పొడి తమ పొలములకు పనికివచ్చునా యని మన సభ్యులు కొందఱు అడుగుచున్నారు. ఈ బూజు లేక పైను మొక్కలు పడిన పాట్లు తెలిసినచో సమాధానము సులభమగును గనుక ముందుగా దానిని చెప్పుచున్నాము.

పైను హిమాలయపు వాలులందు సరళమను పేర సహజముగ పెరుగును. మన వైపున అరకు ప్రాంతపు కొండలమీద నాటిన తోపులు కలవు. ఈ చెట్టు మునుపెన్నడు నెఱుగని దేశములందు విత్తనము వేసినపుడు చిత్రమైన చిక్కు కలిగెను. పశ్చిమ ఆస్ట్రేలియా నారుమళ్లలో మొక్కలు పసుపువారి గిడసబారగా, బాగుగ పెరిగిన మడినుండి మట్టి తెచ్చి కలిపిన పిమ్మట కోలుకొన్నవి. ఆ సంగతిని అచటి అటవీశాఖాధిపతి కెసెల్ 1927లో ప్రకటించెను. పోర్టోరికో దీవిలో ననేక పర్యాయములు విత్తినను మొక్కలు మొలచి, కొంత పెరిగి, చచ్చుచుండెను. 1955లో అమెరికాలోని ఉత్తర కరొలైనా పైను అడవుల మట్టిని తెచ్చి కొన్ని మొక్కల మొదళ్ల వేసిరి. అవి ఏపుగ పెరిగెను. వేయనివి ప్రక్కనే క్షీణించెను.

ఆ మట్టిలో నున్నదేమి? పైను వేళ్ల కొనలను మేజోడువలె కప్పు సన్నని బూజు. జర్మను పండితుడు ఫ్రాంకు 1885లో దీనికి శాస్త్రనామ ముంచెను. దీని పోగులు వేరు చేరలేని మట్టిసందులకు పాకి భాస్వరమును, నీటిని తెచ్చి యిచ్చును. చెట్టు ఆకులలో వండిన చక్కెరలో కొంత బూజునకిచ్చును. వానలు పడినపుడు పైనుల క్రింద లేచు పుట్టగొడుగులు పెక్కు ఈ బూజుల ఫలములే. పైను అడవులున్నచోట వాని గింజపొడిని గాలియే ఉచితముగ మడికి చేర్చును. కొత్తచోట మనమే చేర్చవలెను.

అన్నిటికంటె పాతపద్ధతి, ఎదిగిన పైనుల క్రింది పైపొర మట్టిని తెచ్చి, తొమ్మిదిపాళ్ల మడిమట్టికి ఒకపాలు కలుపుట. తడియారకుండ, ఎండ తగులకుండ తేవలెను. ఖర్చు తక్కువయే గాని, మోత యెక్కువ. దానితో వేరుకుళ్లు, పురుగు, కలుపు విత్తనములును వచ్చును. కావున తెగులున్న తోపు మట్టిని ముట్టరాదు. బూజు పట్టిన మొక్కలను మడిలో నక్కడక్కడ నాటి, వానినుండి తక్కినవానికి వ్యాపింపజేయుట మఱియొక మార్గము. పండిన పుట్టగొడుగుల గింజపొడిని నీటిలో కలిపి పూలకుండతో చల్లుటయు కలదు. జామాయిలు తోటలో దొరకిన పుట్టగొడుగు పైనుకు బాగుగ పట్టకపోవచ్చును. పైను క్రిందిదే మేలు.

బూజు వేసి, వెంటనే సూపరుఫాస్ఫేటు దండిగ వేసినచో పని చెడును. భాస్వరము చేరువనే సమృద్ధిగ దొరకిన మొక్క బూజును చేరనీయదు. బూజుమందులు పోసినను, నీరు నిలిచినను నష్టమే. కొన్ని నెలలకు ఒక మొక్కను మెల్లగ పెకలించి వేళ్లు కడిగి చూడవలెను. పొట్టివేళ్లు లావెక్కి, కొనలు రెండుగ చీలి కనబడినచో బూజు పట్టినదన్నమాట. దీనికి కంటిచూపు చాలును.

ఇక మన పొలముల మాట. వరి, మొక్కజొన్న, మిరప, వేరుసెనగ, మామిడి వీనికి తోడగు బూజు వేఱు తెగ. అది వేరులోపలికి చొచ్చుకొనిపోవునే గాని తొడుగు కట్టదు, పుట్టగొడుగు లెత్తదు. పైనుకు పట్టునది వీనికి పట్టదు. ఆవ, క్యాబేజీ, ముల్లంగి కుటుంబమునకు రెండును సాధారణముగ పట్టవు. సరుగుడు, జామాయిలు మాత్రము రెంటికిని చోటిచ్చును. అన్ని పంటలకు ఒకే పొడి యని చెప్పువానిని నమ్మి సొమ్మీయవలదు.

మఱియొక మాట. పైనుకు బూజు ఆశ్చర్యకరముగ పనిచేసినది, ఆ నేలలో నది లేకపోవుటచేతనే. ఏటేట పండు పొలములో పంటకు కావలసిన బూజు సాధారణముగ నుండనే యుండును; పొడివలన కలుగు లాభము స్వల్పము కావచ్చును. పొడికి చోటు ముఖ్యముగ శుద్ధిచేసిన మట్టితో నింపిన నారుసంచులలో, పైమట్టి కొట్టుకొనిపోయిన నేలలలో. కొనదలచినవారు సంచిమీద తెగపేరును, తయారైన తేదీని చూచి, నారులో సగమునకే వేసి, తక్కిన సగము విడిచి, రెంటిని నాటునాటికి పోల్చి చూచుకొనుడు.