ఆపదలో బాలలు.. ఆదుకోవడం ఎలా?

జాలి ఒక్కటే చాలదు.. పద్ధతీ తెలియాలి

పిట్టలవానిపాలెం: నాట్ల రోజుల్లో పది రోజులు బడికి రాని పిల్లవాడు కోతల నాటికి నెల రోజులు మానేస్తాడు. మరుసటి ఏడాది హాజరు పట్టీలో అతడి పేరు మాత్రమే మిగులుతుంది. పదో తరగతి తప్పిన బాలిక ఇంటిపట్టున ఉంటే కొద్ది నెలలకే పెళ్లి మాటలు మొదలవుతాయి. తండ్రి మరణించి, తల్లి వలస వెళ్లిన ఇంట్లో నాయనమ్మ చేతికింద పెరుగుతున్న పిల్లల సంగతి వీధి అంతటికీ తెలుసు. ఎవరికి చెప్పాలో, చెబితే ఏమవుతుందో మాత్రం చాలామందికి తెలియదు. సాయం చేయాలన్న మనసు పల్లెల్లో కరవు కాలేదు. కరవైనది అవగాహన. తెలియక చేసిన సాయం ఒక్కోసారి బిడ్డకు కీడుగా పరిణమిస్తోంది. మరికొన్ని సందర్భాల్లో చేసినవారిని చట్టం ముందు దోషులుగా నిలబెడుతోంది.

ఇక్కడ ప్రస్తావిస్తున్నది 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన గ్రామ వలంటీర్ల వ్యవస్థ గురించి కాదు. జీతం, పదవి ఆశించకుండా ఆపదలో ఉన్న బాలలకు అండగా నిలిచే సాధారణ పౌరుల గురించి. విశ్రాంత ఉపాధ్యాయులు, డిగ్రీ విద్యార్థులు, పొదుపు సంఘాల మహిళలు ఎవరైనా ఈ పని చేయవచ్చు. బాల న్యాయ చట్టం-2015 సైతం ‘ప్రజాహితం కోరే పౌరుడి’కి స్పష్టమైన స్థానం కల్పించింది.

ఎవరు ఈ బాలలు?

చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరూ బాలలే. వారిలో ‘రక్షణ, సంరక్షణ అవసరమైనవారు’ ఎవరన్నది సైతం చట్టం వివరంగా పేర్కొంది. ఇల్లూ ఆధారమూ లేనివారు, కార్మిక చట్టాలకు విరుద్ధంగా పనిలో ఉన్నవారు, భిక్షాటన చేస్తున్నవారు, తప్పిపోయినవారు, ఇల్లు విడిచి పారిపోయినవారు, హింసకు లేదా లైంగిక వేధింపులకు గురైనవారు, పెళ్లీడు రాకుండానే వివాహం జరిగే ముప్పు ఉన్నవారు ఈ కోవలోకి వస్తారు.

బాల్య వివాహాల విషయంలో రాష్ట్ర పరిస్థితి ఆందోళనకరమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే వివాహమైంది. దేశ సగటు 23.3 శాతం. దాదాపు ప్రతి పదిమందిలో ముగ్గురన్న మాట.

పనిచేసే పిల్లల విషయంలో 2016 సవరణ తర్వాత నిబంధనలు మారాయి. 14 ఏళ్లలోపు వారిని ఎక్కడా పనిలో పెట్టుకోరాదు. బడి వేళలు ముగిశాక, సెలవుల్లో సొంత కుటుంబానికి ప్రమాదం లేని పనుల్లో చేదోడుగా ఉండటానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. 14 నుంచి 18 ఏళ్లవారిని ప్రమాదకర పనుల్లో నియమించడం నిషిద్ధం. సాయంత్రం తండ్రితో పాటు గట్టుకు వెళ్లిన పిల్లవాడు వేరు, బడి మాని కూలికి వెళ్లే పిల్లవాడు వేరు. ఈ తేడా గుర్తించడమే సేవకుల తొలి పాఠం.

తెలిసిన వారి బాట

ఈ రంగంలో తెలుగునాట మంచి ఉదాహరణలున్నాయి. ఆచార్య శాంతా సిన్హా నాయకత్వంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాలకార్మికులను బడి బాట పట్టించింది. బడికి వెళ్లని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది ఆ సంస్థ సూత్రం. బయటి నుంచి వచ్చిన నిపుణులకంటే ఊళ్లోని యువతీయువకులే అందులో కీలకమయ్యారు. ఏళ్ల తరబడి చదువుకు దూరమైన పిల్లలను శిబిరాల్లో ఉంచి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేశారు. యజమానులతో తగాదా పెట్టుకోకుండా, తల్లిదండ్రులను నిందించకుండా పదేపదే వెళ్లి మాట్లాడటమే వారి ఆయుధం. ఈ కృషికి శాంతా సిన్హాను 2003లో రామన్ మెగసెసే పురస్కారం వరించింది. 2007లో ఏర్పాటైన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు.

విజయవాడ రైల్వేస్టేషన్‌లో దిక్కులేక తిరుగుతున్న బాలల కోసం 1989లో డాన్ బాస్కో సంస్థ నవజీవన్ బాలభవన్‌ను నెలకొల్పింది. ఇల్లు విడిచి రైలెక్కిన బిడ్డకు ప్లాట్‌ఫాంపై తొలి గంటలే కీలకం. దళారి కంటే ముందు స్నేహితుడు ఎదురుపడాలన్నదే ఇలాంటి సేవ ఉద్దేశం. తెనాలి, బాపట్ల మీదుగా సాగే రైలు మార్గం పొడవునా ఈ అవసరం ఉంది.

స్టూవర్టుపురం నేర్పిన పాఠం

బాపట్ల, చీరాల మధ్య ఉన్న స్టూవర్టుపురం చరిత్ర ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. బ్రిటిష్ పాలనలో నేరస్థ జాతుల చట్టం కింద సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన సెటిల్‌మెంట్ ఇది. 1911 నాటి ఆ చట్టం పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి ప్రత్యేక పాఠశాలల్లో ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. పేరు సంస్కరణే. కానీ పుట్టుకతోనే బిడ్డ నుదుట నేరముద్ర పడింది. స్వాతంత్ర్యానంతరం చట్టం రద్దయినా ముద్ర వెంటనే చెరగలేదు. 1970ల దశకంలో లవణం, హేమలతా లవణం దంపతులు అక్కడికి వెళ్లి కుటుంబాలతో కలిసిమెలిసి పనిచేశారు. మహాకవి గుర్రం జాషువా కుమార్తె అయిన హేమలత పిల్లల చదువుకూ, పెద్దల మార్పుకూ ముడివేసి చూశారు.

పిల్లలను ఇంటి నుంచి వేరుచేస్తేనే బాగుపడతారన్న ఆలోచనకు నేటి చట్టం పూర్తిగా భిన్నం. బిడ్డ పెరగాల్సింది కుటుంబంలోనే, సంస్థలో ఉంచడం చివరి మార్గం మాత్రమేనని బాల న్యాయ చట్టం నిర్దేశిస్తోంది. ‘పేదవాళ్లు కదా, హాస్టల్లో వేసేద్దాం’ అని తొందరపడే దాతలు గుర్తుంచుకోవాల్సిన విషయమిది.

ఫోన్ చేస్తే ఏమవుతుంది?

ఆపదలో ఉన్న బిడ్డ కంటపడితే 1098కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 1996లో ముంబయిలో చైల్డ్‌లైన్ పేరిట ఆరంభమైన ఈ సేవను 2023 నుంచి మహిళా శిశు సంక్షేమ శాఖ పరిధిలోకి తెచ్చి 112 అత్యవసర వ్యవస్థతో అనుసంధానించారు. ఆ తర్వాతి క్రమం ఇలా ఉంటుంది.

* బిడ్డను 24 గంటల్లోగా జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ప్రయాణ సమయాన్ని ఇందులో లెక్కించరు.

* సమితిలో ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉంటారు. వీరికి మెజిస్ట్రేట్‌తో సమానమైన అధికారాలుంటాయి.

* కుటుంబ పరిస్థితులపై 15 రోజుల్లో సామాజిక పరిశోధన నివేదిక అందాలి. దాని ఆధారంగా బిడ్డను ఇంటికి పంపాలా, బంధువులకు అప్పగించాలా, వసతి గృహంలో ఉంచాలా అన్నది తేలుస్తారు.

దిక్కులేకుండా కనిపించిన బిడ్డ సమాచారాన్ని 24 గంటల్లో తెలియజేయకపోవడం కూడా నేరమే. ఆరు నెలల వరకు జైలు, రూ.10 వేల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. లైంగిక వేధింపుల విషయం తెలిసీ పోలీసులకు చెప్పకుండా ‘పరువు పోతుంది, ఊళ్లోనే సర్దుకుందాం’ అని పెద్దమనుషులు పంచాయితీ చేస్తే పోక్సో చట్టం కింద వారూ శిక్షార్హులే.

పెళ్లి పీటల దాకా వచ్చినా..

బాల్య వివాహం జరగబోతోందని తెలిస్తే మెజిస్ట్రేట్ నుంచి నిషేధ ఉత్తర్వు పొందే వీలు 2006 చట్టం కల్పించింది. విషయం స్వయంగా తెలిసిన ఏ వ్యక్తి అయినా ఫిర్యాదు చేయవచ్చు. ఉత్తర్వును ధిక్కరించి తాళి కట్టినా ఆ పెళ్లి చెల్లదు. జరిపించినవారికి రెండేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటుంది. అయితే పెళ్లి ఆగడంతో పని పూర్తయినట్లు కాదు. ఆ బాలిక తిరిగి పుస్తకం పట్టేదాకా వెన్నంటి ఉండాలి. లేకుంటే ఆగిన పెళ్లి మరో ఊళ్లో, మరో ముహూర్తానికి జరిగిపోతుంది.

ఈ పొరపాట్లు వద్దు

మంచి ఉద్దేశంతోనే జరిగే కొన్ని పొరపాట్లు పిల్లలకు చేటు తెస్తాయి.

ఫొటోలు: పుట్టినరోజున అనాథ బాలల ఆశ్రమానికి వెళ్లి పండ్లు పంచి, పిల్లలను వరుసలో నిలబెట్టి తీసే చిత్రాలు వాట్సప్‌లో తిరుగుతుంటాయి. సంరక్షణలో ఉన్న బాలల పేరు, ఊరు, బడి, ముఖచిత్రం బయటపెట్టడం బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల వరకు జైలు, రూ.2 లక్షల వరకు జరిమానా విధించే వీలుంది.

పెంపకానికి ఇప్పించడం: 2021లో కరోనా రెండో విడత వేళ ‘తల్లిదండ్రులు పోయిన పసిబిడ్డలున్నారు, దత్తత తీసుకోండి’ అంటూ సందేశాలు వెల్లువెత్తాయి. వాటిని నమ్మవద్దని కేంద్ర ప్రభుత్వం అప్పట్లో హెచ్చరించింది. అనాథ బిడ్డను చట్టబద్ధ ప్రక్రియ లేకుండా నోటిమాటపై అప్పగిస్తే మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. డబ్బు చేతులు మారితే అది బిడ్డ అమ్మకమే.

ఇంటికి తీసుకెళ్లడం: తప్పిపోయిన బిడ్డకు అన్నం పెట్టడం ధర్మమే. కానీ సమాచారం ఇవ్వకుండా తమ ఇంట్లోనే ఉంచుకోవడం, పనికి పెట్టుకోవడం సేవ అనిపించుకోవు.

ఆశ చూపి మానేయడం: వారం రోజులు ట్యూషన్ చెప్పి కనిపించకుండా పోతే, అప్పటికే అయినవారికి దూరమైన బిడ్డ మళ్లీ ఎవరినీ నమ్మడు. వారానికి ఒక్క గంటే అయినా ఏడాది పొడవునా రాగలిగితేనే ముందుకు రావాలి. బిడ్డతో ఒంటరిగా గదిలో గడపకుండా, నలుగురి కళ్లెదుట కూర్చోవడం ఇద్దరికీ మంచిది.

కాగితాల సాయమే పెద్ద సాయం

కేంద్రం అమలు చేస్తున్న మిషన్ వాత్సల్య కింద అర్హులైన బాలలకు నెలకు రూ.4 వేల చొప్పున స్పాన్సర్‌షిప్ అందుతుంది. తండ్రిని కోల్పోయి తల్లి వద్ద ఉంటున్నవారు, బంధువుల పంచన ఉన్న అనాథలు, తీవ్ర వ్యాధిగ్రస్తులైన తల్లిదండ్రుల పిల్లలు తదితరులు అర్హులు. గ్రామీణ ప్రాంతాల్లో కుటుంబ వార్షికాదాయం రూ.72 వేలు, ఇతర ప్రాంతాల్లో రూ.96 వేలు మించరాదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి చేరాలి.

ఇక్కడే చదువుకున్నవారి సేవ అక్కరకొస్తుంది. మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా.. వీటిలో ఒక్కటి లేకున్నా దరఖాస్తు ముందుకు సాగదు. ఆధార్‌లో ఒక పేరు, బడిలో మరో పేరు ఉంటే సరిచేయించడానికి కూలి మానుకుని కార్యాలయాల చుట్టూ తిరగలేక నాయనమ్మలు, అమ్మమ్మలు మధ్యలోనే వదిలేస్తారు. వారి వెంట నాలుగుసార్లు వెళ్లి పని పూర్తిచేయించిన వ్యక్తి, పది బుట్టల పండ్లు పంచిన దాతకంటే ఆ బిడ్డకు ఎక్కువ మేలు చేసినట్లే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

సర్పంచి, అంగన్‌వాడీ కార్యకర్త, ఆరోగ్య కార్యకర్త, ఉపాధ్యాయులతో గ్రామస్థాయి బాలల సంరక్షణ కమిటీ ఉండాలని 2009-10లో వచ్చిన సమీకృత బాలల సంరక్షణ పథకమే నిర్దేశించింది. అందులో ఇద్దరు బాలల ప్రతినిధులకూ చోటుంది. తమ ఊళ్లో ఆ కమిటీ సమావేశమవుతోందా అని పంచాయతీలో అడగటమే తొలి అడుగు. న్యాయ సేవాధికార సంస్థ వద్ద పారా లీగల్ వలంటీరుగా శిక్షణ పొందడం మరో మార్గం.

అన్నింటికంటే సులువైనది, ఖర్చు లేనిది ఒకటుంది. బడికి రాని పిల్లల పేర్లు ఉపాధ్యాయుడి వద్ద ఉంటాయి. మూడో రోజే ఆ ఇంటి గడప తొక్కి ‘ఏమ్మా, పాప బడికి రావడం లేదేం? ఒంట్లో బాగాలేదా?’ అని పలకరించేవారు వీధికొకరుంటే చాలు. మూడు రోజుల నాగా మూడు నెలలకు చేరాక ఫోన్లు, అధికారులు, ఉత్తర్వులు అవసరమవుతాయి. మూడో రోజున ఒక్క పలకరింపుతో సరిపోతుంది.