గిటార్ గొంతు మార్చే చిన్న అయస్కాంతం

గిటార్ కొన్నారు. ఫోన్‌లో వీడియోలు చూసి కార్డ్స్ పట్టేశారు. ఒకటి రెండు సోలోలు కూడా వచ్చేశాయి. అయినా ఏదో వెలితి! అభిమాన గిటారిస్ట్ వాయిస్తే తేనె కారినట్టుండే బిట్, మీరు వాయిస్తే రేకు డబ్బా మీద గరిటెతో కొట్టినట్టుంటుంది. ‘నా వేళ్లలో దమ్ము లేదా? గిటార్ చవకది కాబట్టా?’ అని అనుమానం. వెంటనే ఆన్‌లైన్‌లో ఇంపోర్టెడ్ పికప్‌ల ధరలు చూడటం, గుండె గుభేల్‌మనడం, గప్‌చుప్‌గా ఫోన్ పక్కన పెట్టేయడం... ఇదంతా మీకూ జరిగిందా?

అయితే ఇది మీకోసమే. పికప్ మొత్తం మార్చకుండా, దాని లోపలున్న ఒక్క ముక్కను మార్చినా గిటార్ గొంతు కొంత మారుతుంది. ఆ ముక్క మన వేలంత పొడవుండే అయస్కాంతం. పికప్ ధర వేలల్లో ఉంటే, దీని ధర వందల్లో ఉంటుంది. అసలు కిటుకు ఏంటో చూద్దాం రండి.

తీగ ఊగితే కరెంటు

ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద కనిపించే దీర్ఘచతురస్రాకారపు పెట్టెలే పికప్‌లు. లోపల ఉండేవి ప్రధానంగా రెండే. ఒకటి అయస్కాంతం. రెండోది వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన కాయిల్. పైన ఉన్న స్టీలు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది. దాంతో కాయిల్‌లో చిన్న కరెంటు పుడుతుంది. స్కూల్లో సైన్స్ టీచర్ చెప్పిన ఫారడే సూత్రం గుర్తుందా? 1831 నాటి ఆ సూత్రమే ఇక్కడ పనిచేస్తోంది. ఆ కరెంటే కేబుల్ గుండా ఆంప్‌లోకి వెళ్లి మోత మోగిస్తుంది.

అందుకే నైలాన్ తీగల గిటార్‌కి ఈ పికప్ బిగిస్తే ఉలకదు, పలకదు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతంలోకి తెచ్చింది కూడా ఎలక్ట్రిక్ మాండలినే. మామూలు మాండలిన్‌లో నాదం చటుక్కున ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ అయితే ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి గమకాలు పలుకుతాయి.

రెండు కాయిల్స్, ఒక్క అయస్కాంతం

కాయిల్‌కి ఒక జబ్బుంది. ఇంట్లో ఉన్న 50 హెర్ట్జ్ కరెంటు లైన్ల గుయ్ శబ్దాన్ని కూడా పట్టేస్తుంది. దీనికి గిబ్సన్ కంపెనీ ఇంజినీర్ సెత్ లవర్ 1955లో మందు కనిపెట్టాడు. రెండు కాయిల్స్ పక్కపక్కన పెట్టి, ఒకదానికొకటి ఎదురుగా కలిపాడు. రెండింట్లోనూ వచ్చిన గుయ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. తీగ శబ్దం మాత్రం నిలబడుతుంది. హమ్‌ని అడ్డుకునేది కాబట్టి దాని పేరు ‘హంబకర్’. 1957 నుంచి లెస్ పాల్ గిటార్లలో ఇవి వచ్చాయి. పేటెంట్ ఇంకా రాలేదు కాబట్టి వాటి అడుగున ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ అని స్టిక్కర్ అంటించేవారు. ఇవాళ పాత గిటార్ల పిచ్చోళ్లు ‘పాఫ్’ అని తలుచుకుని లక్షలు పోసేది వీటికోసమే.

హంబకర్‌లో రెండు కాయిల్స్ అడుగున ఒకే ఒక్క పలక అయస్కాంతం ఉంటుంది. పొడవు సుమారు 6 సెంటీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు. నాలుగు స్క్రూలు వదులు చేస్తే పక్కనుంచి జారి బయటికొస్తుంది. సోల్డరింగ్ అక్కర్లేదు!

ఇక్కడో తమాషా ఉంది. ఆ రోజుల్లో గిబ్సన్ ఫ్యాక్టరీ ఏ రకం అయస్కాంతం చేతికి దొరికితే అది వేసేసింది. అందుకే ఒక పాఫ్ లాగా ఇంకో పాఫ్ పలకదు. ఒక్కోదాని కాయిల్ చుట్లు కూడా వేరు. అంటే ఇవాళ మనం పట్టి పట్టి వెతికే ఆ ‘మ్యాజిక్ టోన్’లో కొంత భాగం, ఆ పూట స్టోర్ రూమ్‌లో ఏముందో దాని పుణ్యమే అన్నమాట.

ఏ ముక్క ఎలా పలుకుతుంది?

అల్యూమినియం, నికెల్, కోబాల్ట్... ఈ మూడు పేర్ల ముందు అక్షరాలు కలిపితే ‘ఆల్నికో’. వీటికి ఇనుము కూడా కలుస్తుంది. పాళ్లు, తయారీ పద్ధతి మారితే నంబర్ మారుతుంది. గిటారిస్టులు సాధారణంగా చెప్పే తేడాలివి:

ఆల్నికో 2: మెత్తనిది. మీటగానే గుచ్చినట్టుండదు. హై స్వరాలు తియ్యగా, బాస్ కాస్త వదులుగా ఉంటుంది. బ్లూస్ వాయించేవాళ్లకి ప్రాణం.

ఆల్నికో 3: పేరులో కోబాల్ట్ ఉన్నా ఇందులో అది ఉండదు. బలం తక్కువ. క్లీన్ టోన్‌కి హాయిగా ఉంటుంది.

ఆల్నికో 5: బలం ఎక్కువ. బాస్ బిగువుగా, పైస్వరాలు మెరుస్తూ వస్తాయి. రాక్‌కి ఎక్కువమంది వాడేది ఇదే.

ఆల్నికో 8: ఇంకా జోరు. మధ్య స్వరాలు ముందుకు దూకుతాయి.

సిరామిక్: బిగువు, పదును, జోరు. చవక గిటార్లలో ఇదే ఎక్కువ. అలాగని తక్కువ చేసి చూడకండి. 1970ల్లో వచ్చి హార్డ్ రాక్‌కి ఊపు తెచ్చిన డిమార్జియో సూపర్ డిస్టార్షన్ పికప్‌లో ఉన్నదీ సిరామిక్ అయస్కాంతమే. ధర తక్కువైతే నాణ్యత తక్కువ అనుకోవడం ఇక్కడ తప్పు. మీరు వాయించే సంగీతానికి నప్పుతుందా లేదా అన్నదే లెక్క.

ఒక విషయం మాత్రం ముందే చెప్పేయాలి. కాయిల్ అదే కాబట్టి అసలు గొంతు అలాగే ఉంటుంది. అయస్కాంతంతో మారేది దాని స్వభావం. కోపిష్టివాడు కాస్త నెమ్మదస్తుడు అవుతాడు. అంతే గానీ, మనిషే మారిపోడు.

ముందు పైసా ఖర్చు లేనివి

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఆగండి. తీగలు తుప్పు పట్టి ఉంటే ఏ అయస్కాంతమూ కాపాడలేదు. కొత్తవి వేయండి. తర్వాత పికప్ ఎత్తు చూడండి. రెండు వైపులా ఉన్న స్క్రూలు తిప్పి కాస్త కిందికి దించితే శబ్దం మెత్తబడుతుంది, పైకి లేపితే ఘాటెక్కుతుంది. చాలామంది ‘నా పికప్ గోలగా ఉంది’ అనేది, అది తీగలకు మరీ దగ్గరగా ఉండటం వల్లే. ఇవన్నీ అయ్యాక కూడా తృప్తి లేకపోతే, అప్పుడు అయస్కాంతం సంగతి.

మార్చే పద్ధతి

తీగలు వదులు చేసి పికప్‌ని బయటికి తీయండి. వైర్లు తెగేలా లాగకండి. మెటల్ కవర్ సోల్డర్ చేసి ఉంటే, మొదటిసారి చేసేవాళ్లు అనుభవమున్న వాళ్ల చేతిలో పెట్టడం మేలు. కవర్ లేకపోతే కాయిల్ చుట్టూ ఉన్న టేప్ కదపకుండా, అడుగున ఉన్న నాలుగు స్క్రూలను కొన్ని చుట్లు వదులు చేయండి. పూర్తిగా ఊడదీయకండి. లోపల మైనం పోసి ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త గోరువెచ్చగా చేస్తే వదులవుతుంది.

పాత అయస్కాంతం తీయకముందే పైవైపున, ఒక చివర, మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఐస్‌క్రీమ్ పుల్ల లాంటి దానితో మెల్లగా నెట్టండి. ఇనుప స్క్రూడ్రైవర్ పొరపాటున కాయిల్‌కి తగిలితే వెంట్రుకంత తీగ పుటుక్కుమంటుంది. పికప్ మూగబోతుంది.

ఈ అయస్కాంతాల్లో ఉత్తర, దక్షిణ ధ్రువాలు చివర్లలో కాదు, పొడవాటి అంచుల్లో ఉంటాయి. పాతదాన్నీ కొత్తదాన్నీ బల్ల మీద పొడవాటి అంచులు ఆనుకునేలా పక్కపక్కన పెట్టండి. అతుక్కుంటే రెండూ ఒకే దిశలో ఉన్నట్టు. తోసుకుంటే కొత్తదాన్ని తిరగేయండి. బలవంతంగా నొక్కి పెట్టకండి, ఆల్నికో బలం తగ్గిపోతుంది. దిశ సరిచూసుకున్నాక కొత్తదాన్ని లోపలికి జార్చి స్క్రూలు బిగించండి.

స్ట్రాట్ తరహా సింగిల్ కాయిల్స్‌తో మాత్రం జాగ్రత్త! చాలావాటిలో పైన కనిపించే ఆరు గుండ్రని కడ్డీలే అయస్కాంతాలు, తీగ వాటి చుట్టూనే చుట్టి ఉంటుంది. నెడితే కాయిల్ పోయినట్టే. చవక రకాల్లో అడుగున అంటించిన పలక ఉంటే, దాన్ని మాత్రం మార్చుకోవచ్చు.

తప్పు చేస్తే? పీటర్ గ్రీన్ అయిపోతారు!

దిశ తిరగబడితే ఏమవుతుంది? పికప్ పాడవదు. ఒక్కటే వాయిస్తే తేడా తెలియదు కూడా. కానీ నెక్, బ్రిడ్జ్ పికప్‌లు రెండూ కలిపి వాయిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని, ముక్కుతో మాట్లాడినట్టు సన్నని శబ్దం వస్తుంది. దాన్నే ‘అవుట్ ఆఫ్ ఫేజ్’ అంటారు.

1967లో ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బ్యాండ్‌ని మొదలుపెట్టిన ఇంగ్లిష్ గిటారిస్ట్ పీటర్ గ్రీన్ దగ్గర ఒక 1959 లెస్ పాల్ ఉండేది. దాని నెక్ పికప్‌లో అయస్కాంతం తిరగబడి ఉంది. రెండు పికప్‌లు కలిపితే వచ్చే ఆ ఏడుపులాంటి స్వరం ఆయన గుర్తుగా మారిపోయింది. ‘గ్రీనీ’ అని పేరుపడ్డ ఆ గిటార్ తర్వాత గ్యారీ మూర్ చేతికి వెళ్లింది. 2014లో మెటాలికా గిటారిస్ట్ కిర్క్ హ్యామెట్ కొనుక్కున్నాడు. ఆ తిరగబడిన అయస్కాంతాన్ని సరిచేయాలని ఎవరికీ అనిపించలేదు! మీకు ఆ శబ్దం నచ్చకపోతే మళ్లీ తిరగేస్తే సరి.

మీ చెవిని మీరే పరీక్షించండి

కొత్త వస్తువు పెట్టగానే ‘అబ్బ, ఎంత మారిందో!’ అనిపించడం మనిషి సహజం. డబ్బు పెట్టాం కదా మరి! అందుకే మార్చే ముందు ఒకే బిట్‌ని ఫోన్‌లో రికార్డ్ చేయండి. మార్చాక అవే తీగలు, అదే పికప్ ఎత్తు, అవే ఆంప్ సెట్టింగ్స్‌తో మళ్లీ రికార్డ్ చేయండి. రెండింటినీ ఏది ఏదో చెప్పకుండా ఫ్రెండ్‌ని ప్లే చేయమనండి. తేడా పట్టగలిగారా? మీ వందలు వసూలైనట్టే. పట్టలేకపోయారా? అదీ లాభమే. వేలు పోసి పికప్ కొనేముందు మీ చెవికి ఏం కావాలో తెలిసింది కదా!

పాత అయస్కాంతాన్ని మాత్రం పారేయకండి. పేరు రాసి డబ్బాలో దాచండి. రేపు మనసు మారితే పాత గొంతు మళ్లీ అరగంట పనే.