ఇండ్ల కరెంటు పనికి మరల పోదలచువారికి

గత పంటకాలమున కొత్తపట్నములో వేరుసెనగ తెగుళ్లను గూర్చి మేము మాటాడి ముగించిన పిదప, ఒక సభ్యుడు వెనుక నిలిచి వేరొక సంగతి యడిగెను. ఆయన యౌవనమున ఒంగోలులో ఒక మేస్త్రీ వెంట తిరిగి ఇండ్లకు కరెంటు వైర్లు బిగించు పని నేర్చినవాడు. తండ్రి పోగా సేద్యము మీద పడి, పదునెనిమిదేండ్లు టెస్టరు చేతపట్టలేదు. పడమట కౌలుకు చేసిన మిరప రెండేండ్లు వరుసగా దెబ్బతీసెను. “అయ్యా, చేతిలో పని యున్నది గదా, మరల పోవచ్చునా?” అని ఆయన ప్రశ్న. మేము పైరుల సంగతి చెప్పువారమే గాని కరెంటువారము కాము. అయినను ఇట్టి ప్రశ్నయే ఇతర గ్రామములలోను వినుచున్నందున, విచారించి తెలిసికొన్నది వ్రాయుచున్నాము.

పోవచ్చును. కాని చేయి తెలిసినంతమాత్రమున చాలదు. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చుట వంటి చిన్నపనులు తప్ప, ఇంటిలో క్రొత్తగా వైరింగు చేయుట గాని యున్నదానిని పెంచుట గాని, ప్రభుత్వ లైసెన్సు గల కంట్రాక్టరే చేయింపవలెను. యోగ్యతాపత్రము గలవాడు దగ్గరనుండి చూడవలెను. చేయువానికి పర్మిట్టు ఉండవలెను. 1956 నాటి భారత విద్యుచ్ఛక్తి నియమములలో 45వది ఇట్లు విధించెను. 2010లోను, 2023లోను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చేసిన నిబంధనలలోను ఈ కట్టడి నిలిచియున్నది. మన గ్రామములలో దీనిని పాటించువారెందరో పాఠకులే యెరుగుదురు.

నేర్చుకొను మార్గములు రెండు. ఐ.టి.ఐ.లో చేరినచో వైర్‌మన్ తరగతికి 8వ తరగతియు, ఎలక్ట్రీషియను తరగతికి 10వ తరగతియు ప్యాసయి యుండవలెను; రెంటికిని రెండేసి సంవత్సరముల చదువు. సంసారికి రెండేండ్లు విడచుట కష్టమే. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పూర్వము పనిచేసి నేర్చినదానిని పరీక్షించి పత్రమిచ్చు ఏర్పాటును చేర్చిరి. అయితే ఆ పత్రము వేరు, రాష్ట్ర విద్యుత్ లైసెన్సింగు బోర్డువారి పర్మిట్టు వేరు. మొదటిది చేతికందగానే రెండవదియు వచ్చినదని భ్రమపడరాదు.

ఇక పనిలో వచ్చిన మార్పు. నాడు చెక్కబద్దలమీద క్లిప్పులతో వైరు బిగించి, ఫ్యూజులో తీగ చుట్టినచో పని తీరెడిది. ఆ తీగ మాటిమాటికి కాలిపోవుచున్నదని లావుపాటి రాగి పోగు చుట్టిన మహానుభావులును కలరు! నేడు వైర్లు గోడలోని గొట్టములలో పోవును. ఫ్యూజునకు మారు ఎం.సి.బి. వచ్చినది. బరువు మించినను, వైర్లు కలిసినను అది తనంత పడిపోవును. దీనిని చూచి మన సభ్యులు ప్రాణభయము తీరినదనుకొందురు. తీరలేదు.

మన తీరపు నేలనే చూడుడు. వేసవిలో పై యిసుక ఎండి కరెంటును సరిగా పోనీయదు; ఉప్పుగాలికి ఎర్తు గొట్టము, దాని బిగింపులు త్రుప్పుపట్టును. ఎర్తు గుంటకు 50 ఓముల నిరోధమున్నదనుకొందము. మోటారులో ఫేజు తీగ రేకునకు తగిలినచో, 230 వోల్టులను 50చే భాగింపగా 4.6 యాంపియర్లే నేలలోనికి పోవును. 16 యాంపియర్ల ఎం.సి.బి. దీనికి కదలదు. రేకు కరెంటుతోనే యుండును. తడికాళ్లతో వచ్చి దానిని తాకునది మన ఆడువారో, బిడ్డలో.

కనుకనే ఆర్.సి.సి.బి. అను మరియొక సాధనము కావలెను. ఫేజులో పోయినదంతయు న్యూట్రలులో తిరిగి వచ్చినదా యని, మన సంఘపు గుమాస్తా జమాఖర్చు సరిచూచినట్లు, అది యెడతెగక సరిచూచుచుండును. ఇండ్లకు పెట్టు రకము 30 మిల్లీయాంపియర్ల తేడా వచ్చునప్పటికే కరెంటును త్రుంచివేయును. ఫేజును న్యూట్రలును రెండుచేతుల పట్టుకొన్నవానిని మాత్రము అది కాపాడజాలదు. లెక్క సరిపోయినదనియే దాని తలంపు. ఊరక పడిపోవుచున్నదని దీనిని ఊడబెరికించువారు, అది యెందుకు పడుచున్నదో వెదకింపవలెను. ఎక్కడనో కరెంటు కారుచున్నదని దాని యర్థము.

మన సభ్యుడు పూర్వపు పనికి పరీక్ష ఇచ్చి పత్రము పొందెను. పిదప ఒక లైసెన్సు కంట్రాక్టరువద్ద సహాయకుడుగా చేరెను. పత్తి తీత కూలికన్నను తక్కువ వచ్చినదట. తన కొడుకు వయస్సు పిల్లలు పనులు చెప్పుచుండ తల వంచుకొని చేసితినని నవ్వుచు చెప్పెను. ఆయనకు క్రొత్తగా తోచినది కొలత. నాడు దీపము వెలిగినచో పని బాగున్నట్లే. నేడు మెగ్గరుతో 500 వోల్టుల ఒత్తిడి పెట్టి, వైరు పైతొడుగు నిరోధము 1 మెగాఓమునకు తగ్గలేదని చూచినగాని మెయిను వేయరాదు. అటుపిమ్మట పర్మిట్టును వచ్చెను.

పర్మిట్టు చేతికి వచ్చిన వారమే ఆయన చెల్లెలి యింటికి పోయెను. ఆ యింటి వైరింగు పూర్వము తాను స్వయముగా చేసినదే. మూడు రంధ్రముల ప్లగ్గు పెట్టె విప్పి చూడగా, పచ్చవైరు దేనికిని తగులక లోపల మడిచిపెట్టి యున్నది. “ఇన్నేండ్లు ఏమియు కాలేదు గదా, అన్నయ్యా” అని ఆమె యనెను. ఆయన మారుమాటాడక మెయిను ఆపివేసి, పెరటిలో ఎర్తు గుంట త్రవ్వ మొదలిడెనట.