పెన్సిల్ సెల్లుల మీద మంద్రస్థాయి

కచేరీ వేదికల మీద కనిపించే పెద్ద గ్రాండ్ పియానో దాదాపు తొమ్మిదడుగులు ఉంటుంది. అంత పొడవు దర్జా కోసం పెట్టింది కాదు. ఎడమ కొసన ఉన్న మెట్టు నొక్కితే తీగ సెకనుకు 27.5 సార్లు ఊగాలి. అంత నిదానంగా ఊగాలంటే తీగ పొడవుగా, బరువుగా ఉండక తప్పదు. కుడి కొసన సెకనుకు 4,186 కంపనాలు. అక్కడ రెండంగుళాల తీగ సరిపోతుంది. మృదంగంలో గుమ్మని మోగే ఎడమ మూత కుడిదానికన్నా వెడల్పుగా ఉండేదీ ఇందుకే. తీగో, తోలో, గాలో కంపించి పలికే వాద్యాలన్నిటిదీ ఇదే తంతు. కింది స్వరం కావాలంటే దానికి జాగా ఇవ్వాలి.

మరి పిల్లల స్కూలు బ్యాగులో పట్టే, పెన్సిల్ సెల్లులతో నడిచే మినీ సింథసైజర్‌ ఈ లెక్కను ఎలా తప్పించుకుంది? దాని లోపల స్వరం కోసం ఊగే వస్తువే లేదు. కరెంటు ఊగుతుంది. 1982లో యమహా తెచ్చిన సీఎస్‌01నే తీసుకోండి. 32 చిన్న మెట్లు, సొంత స్పీకరు, బ్యాటరీలు. భుజానికి తగిలించుకుని తిరుగుతూ వాయించుకోవచ్చు, కాకపోతే ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. ఇలాంటి అనలాగ్ వాద్యాల్లో స్వరం పుట్టే పద్ధతి స్థూలంగా ఇది: ఒక చిన్న కెపాసిటర్‌లోకి కరెంటు సన్నగా వచ్చి చేరుతుంటుంది, ఓ హద్దు దాకా నిండగానే సర్క్యూటు దాన్ని ఒక్కసారిగా ఖాళీ చేసేస్తుంది. కుళాయి కింద చెంబు నిండగానే ఒంపేసి మళ్లీ పెట్టినట్టు. ఇది సెకనుకు 440 సార్లు జరిగితే ఒక స్వరం, 220 సార్లు జరిగితే దాని కింది స్థాయి. స్థాయి దిగడానికి పెట్టె పెద్దది కానక్కర్లేదు, వచ్చే కరెంటును సగానికి తగ్గిస్తే చాలు.

అలా పుట్టిన శబ్దం మొదట రంపంలా గరుకుగా ఉంటుంది. అందులో మూల స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు వేగంతో కంపించే అతిస్వరాలన్నీ కలిసి ఉంటాయి. ఫిల్టరు వాటిలో అక్కర్లేనివి చెక్కేస్తుంది. గొంతు ఎంత త్వరగా లేవాలో, ఎంతసేపు నిలవాలో, ఎలా అణగాలో ఇంకో సర్క్యూటు చూసుకుంటుంది. నాబ్ తిప్పుతుంటే మూసుకున్న శబ్దం మెల్లగా విచ్చుకోవడం వింటే ఇదంతా పాఠం చెప్పకుండానే అర్థమవుతుంది.

డిజిటల్ కాలం వచ్చాక కెపాసిటర్ పని కూడా అంకెలకు పోయింది. కాసియో 1980ల మధ్యలో ఎస్‌కే-1 అనే 32 మెట్ల బుల్లి కీబోర్డు అమ్మింది. దాని మైకు ముందు ఏం చప్పుడు చేసినా 1.4 సెకన్లు పట్టి ఉంచి, దాన్నే స్వరంగా మార్చి ఇస్తుంది. కుక్క మొరిగినా సరే, తమ్ముడు దగ్గినా సరే. సెకనుకు సుమారు 9,380 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతను ఒక్కో బైటులో దాస్తుంది. మొత్తం కలిపితే 13 వేల బైట్లు. ఇవాళ మనం ఫోన్లో పంపుకునే మామూలు ఫొటోలో ఓ మూలకు కూడా అవి చాలవు. పై స్థాయి మెట్టు నొక్కితే అవే అంకెలను రెట్టింపు వేగంతో చదువుతుంది. అందుకే పైకి పోయేకొద్దీ దగ్గు సన్నబడడమే కాక పొట్టిదీ అయిపోతుంది. సెకనుకు 9,380 కొలతలంటే 4,690 హెర్ట్జ్‌కు పైనున్న శబ్దమేదీ సవ్యంగా పట్టుబడదు. ఆ వాద్యానికున్న మసక గొంతు అక్కడి నుంచే వచ్చింది. కావాలని ఆ మసక కోసమే పాత ఎస్‌కే-1లు వెతికి కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక వేళ్లు తగిలే చోటికి వద్దాం. చవక కీబోర్డు అడుగు మరలు ఊడదీసి చూస్తే, మెట్ల కింద బూడిద రంగు రబ్బరు పట్టీ ఉంటుంది. దాని మీద వరసగా బుడిపెలు, ఒక్కో బుడిపె లోపల నల్లటి కార్బన్ బిళ్ల. కింద సర్క్యూట్ బోర్డు మీద రెండు దువ్వెనలను పళ్లలో పళ్లు దూర్చి, తగలకుండా పెట్టిన ఆకారంలో గీతలుంటాయి. మెట్టు నొక్కితే బిళ్ల ఆ రెండిటినీ కలుపుతుంది, అంతే. కొన్నేళ్లకు ఒకటో రెండో మెట్లు పలకకపోతే చాలాసార్లు దోషం చిప్పుది కాదు, ఆ గీతల మీద పేరుకున్న దుమ్ముది.

37 మెట్లుంటే 37 వైర్లు చిప్పుదాకా లాగరు. ఎనిమిది నిలువు, అయిదు అడ్డం గీతలు గీస్తే 40 కూడళ్లు వస్తాయి. 13 వైర్లతో పని అయిపోతుంది. చిప్పు ఒక్కో నిలువు గీతలోకి సంకేతం పంపి, ఏ అడ్డ గీతలోంచి తిరిగొచ్చిందో చూస్తుంది. ఇందులో ఓ తిరకాసుంది. నాలుగు కూడళ్ల చతురస్రంలో మూడు మెట్లు కలిపి నొక్కితే కరెంటు దొడ్డిదారిన తిరిగి, నాలుగోది కూడా నొక్కారని చిప్పు భ్రమపడుతుంది. ఎవరూ ముట్టని స్వరం మోగుతుంది. అలా జరగకుండా ఒక్కో కూడలి దగ్గర ఒక డయోడు పెట్టి, కరెంటు వెనక్కి పోకుండా ఆపుతారు. మెత్తగా నొక్కామా, గట్టిగా కొట్టామా అన్నది తెలియాలంటే మెట్టుకు రెండు బిళ్లలు కావాలి. ఒకటి కాస్త ముందు తగులుతుంది, ఒకటి తర్వాత. ఆ మధ్య గడిచిన కొద్ది మిల్లీసెకన్లను బట్టి చిప్పు స్వరం బలం నిర్ణయిస్తుంది. బొమ్మ కీబోర్డుల్లో చాలావాటికి రెండో బిళ్ల ఉండదు. 2002 నాటి కోర్గ్ మైక్రోకోర్గ్, 2015 నాటి యమహా రీఫేస్‌లకు మెట్లు చిన్నవే అయినా ఈ స్పర్శ ఉంది.

చిన్న మెట్లను చిన్నచూపు చూసే మాస్టార్లున్నారు. వాళ్ల మాటలో కొంత న్యాయం లేకపోలేదు. పియానోలో ఏడు తెల్లమెట్ల వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు. మినీ కీలలో అది రెండు మూడు సెంటీమీటర్లు, కొన్నిటిలో అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. పెద్దవాళ్ల వేలు రెండు నల్లమెట్ల మధ్య ఇరుక్కుంటుంది. మెట్టు పొట్టిది గనక ఇరుసుకు దగ్గరగా నొక్కాల్సి వస్తుంది, బలం ఎక్కువ పెట్టాలి. పియానో సాధనకు ఇది పనికిరాదు, నిజమే. బస్సులో తట్టిన బాణీని మరచిపోకుండా పట్టుకోవడానికి మాత్రం పుష్కలంగా పనికొస్తుంది.

మన సంగీతానికి అసలు చిక్కు మెట్ల సైజుతో కాదు. తోడి రాగంలో గాంధారం ఒక్కచోట నిలిచేది కాదు, మెట్టేమో ఒక్క చోటే నిలబెడుతుంది. అందుకని గమకం కావాలనుకునేవాళ్లు కొనేముందు ఎడమ పక్కన స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం, అంటే పిచ్ వీల్, ఉందో లేదో చూసుకోవాలి. కుడిచేయి మెట్ల మీద, ఎడమచేయి చక్రం మీద పెడితే రెండున్నర స్థాయిల పెట్టె చాలు.

చిప్పులు చిన్నవైనా గాలికి ఆ సంగతి పట్టదు. కింది స్వరం వినపడాలంటే స్పీకరు బోలెడంత గాలిని నెట్టాలి, రెండంగుళాల స్పీకరు వల్ల అది కాదు. అయినా దానిలో 65 హెర్ట్జ్ స్వరం వాయిస్తే మనకు తెలుస్తూనే ఉంటుంది. స్పీకరులోంచి 65 దాదాపు రాదు. వచ్చేవి 130, 195, 260 దగ్గరున్న అతిస్వరాలు. వాటి మధ్య ఎడం ఎటు చూసినా 65 కాబట్టి లేని మూలాన్ని మెదడే పూరించుకుంటుంది. పాత ల్యాండ్‌లైన్ 300 హెర్ట్జ్ కిందిది దేన్నీ సరిగా మోసేది కాదు. మగవాళ్ల గొంతు మూలం 100 చుట్టుపక్కల ఉంటుంది. అయినా ఫోన్లో నాన్నగారి గొంతు బొంగురుగానే వినిపించేది.

ఈ లోటు తీరే చోటికి ఒక బుల్లి కీబోర్డు చేరడం వల్ల జమైకా రెగె సంగీతం మలుపు తిరిగింది. 1981 నాటి కాసియో ఎంటీ-40కి 37 మినీ మెట్లతో పాటు ఎడమచేతికి 15 బుల్లి బేస్ మెట్లుండేవి. అందులో ‘రాక్’ అనే ముందే తయారుచేసి పెట్టిన తాళం ఒకటి. నోయెల్ డేవీ అనే వాద్యగాడి దగ్గరున్న ఆ కీబోర్డులో ఈ తాళాన్ని పట్టుకుని, గాయకుడు వేన్ స్మిత్, నిర్మాత కింగ్ జామీ దాని వేగం తగ్గించి 1985లో ‘అండర్ మీ స్లెంగ్ టెంగ్’ అనే పాట చేశారు. కింగ్‌స్టన్‌లో బీరువాలంత స్పీకర్లు పేర్చి వీధి నాట్యాలు జరిపే రోజులవి. సొంత స్పీకరు పలికించలేని ఆ తాళంలోని బేస్ అక్కడ గుండెల్లో మోగింది. వాద్యగాళ్ల బృందం లేకుండా రెగె చేయొచ్చని తేలిపోయి, అదే తాళం మీద వందల పాటలొచ్చాయి. ఆ తాళం కూర్చింది ఒకుడా హిరోకో అనే జపాన్ యువతి. సంగీత కళాశాలలో చదువు ముగించి 1980లో కాసియోలో చేరింది. కాలేజీలో ఆమె సిద్ధాంత వ్యాసం రాసింది రెగె మీదే.