గొడవ చేయని పిల్లల్ని ఎవరు గమనిస్తారు?

తరగతిలో బల్లలెక్కి దూకేవాడు టీచరు కంట్లో ఇట్టే పడతాడు. అడిగితే తప్ప నోరు విప్పని అమ్మాయి పడదు. హోంవర్కు చేస్తుంది, మార్కులూ వస్తాయి, ‘బుద్ధిమంతురాలు’ అంటారు. ఆ మౌనం వెనక దిగులుందేమోనన్న అనుమానం ఎవరికీ రాదు. బడిలో పిల్లలందరినీ ఒకే తీరుగా అడిగి చూడాలనడానికి అసలు కారణం ఇదే.

బ్రిటన్‌లో పిల్లల మానసిక వైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో వెలువరించిన ఎస్‌డీక్యూ అనే ప్రశ్నావళిని ఇందుకు చాలా దేశాల్లో వాడుతున్నారు. మొత్తం 25 అంశాలు. తలనొప్పి, కడుపునొప్పి అని తరచూ అంటుంటాడా? కొత్తచోట బెదిరిపోతాడా? మంచి నేస్తం ఒక్కరైనా ఉన్నారా? ఇలాంటివాటికి ‘కాదు’, ‘కొంతవరకు’, ‘కచ్చితంగా’ అన్న మూడింట్లో ఒకదానికి టిక్కు పెట్టాలి. అమ్మానాన్నలూ టీచర్లూ నింపుతారు; 11 ఏళ్లు వచ్చాక పిల్లలే నింపొచ్చు. ఇబ్బందుల లెక్క 40కి. సాటివారికి సాయపడే గుణం మీద అడిగే ఐదూ ఆ లెక్కలోకి రావు. బిడ్డలోని మంచిని కూడా అడిగి తెలుసుకోవడం ఈ పత్రం గొప్పతనం.

స్కోరు ఎక్కువొస్తే జబ్బున్నట్టు కాదు. నిపుణులతో ఓసారి మాట్లాడించాలని అర్థం, అంతే.

మరికొన్ని ప్రశ్నావళులు ఆత్మహత్య తలంపుల గురించీ అడుగుతాయి. లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని పెద్దలకు భయం. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్లలో 2,342 మంది విద్యార్థులపై జరిగి, 2005లో ప్రచురితమైన అధ్యయనం సరిగ్గా ఈ భయాన్నే పరీక్షకు పెట్టింది. ఆ ప్రశ్నలు ఎదుర్కొన్నవారిలో, ఎదుర్కోనివారికన్నా ఆందోళన గానీ, ఆ తలంపులు గానీ పెరగలేదు. అప్పటికే కుంగుబాటుతో ఉన్న పిల్లలకు అడగడం వల్ల కాస్త ఊరట దక్కిన సూచనలూ కనిపించాయి.

అయితే అడిగి వదిలేయడం అన్యాయం. ధైర్యం చేసి నిజం రాసిన పిల్లను మర్నాడు పక్కకు పిలిచి పలకరించే మనిషి ఉండాలి. ఆమె రాసింది స్టాఫ్ రూములో కబురు కాకూడదు.

విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో అలాంటి మనుషుల నియామకంపై కూడా మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హతగల కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో పెట్టుకోవాలి. చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. పల్లెటూరి బడులెన్నో ఈ రెండో కోవలోవే. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడు ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. కానీ వారం వారం తోడుండాల్సిన బిడ్డకు ఫోనొక్కటే చాలదు. దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఏ డాక్టరు చూస్తారో, బిడ్డను ఎవరు వెంటబెట్టుకెళ్తారో పత్రాలు పంచకముందే హెడ్మాస్టరు తేల్చిపెట్టుకోవాలి.